జతలో రెండోది

మా ఆయన గడ్డం పెంచడం మొదలుపెట్టినప్పుడే నాకు అనుమానం వచ్చింది. పెళ్ళినాటి నుంచీ రోజూ పొద్దున్నే వంటింటి కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని, నేలంతా నీళ్ళు చిమ్ముతూ నున్నగా గీసుకునే మనిషి. కిందటి శరదృతువులో ఆవుల్ని తోలుకుని ప్లానినా, అంటే కొండమీది మేతబీడు, దిగి వచ్చాక కత్తి ముట్టుకోలేదు. "చలికాలం గదా, మొహానికి వెచ్చగా ఉంటుంది" అన్నాడు. అరవై దాటిన మనిషికి ఈ ఏడే మొహానికి చలి తెలిసొచ్చిందా? పైగా ఆ గడ్డం అతనికి నప్పింది. అది నాకు అసలు నచ్చలేదు.

నా పేరు పోలోనా. ఊళ్ళో నాకు అనుమానం మనిషినని పేరు, నేను కాదనను. గుడ్లు కొంటే ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూస్తాను. ఫాదరు గారి ప్రసంగం మామూలుకంటే తియ్యగా ఉంటే, చర్చి కప్పుకు మళ్ళీ చందా అడగబోతున్నారని పక్కామెకు ముందే చెప్పేస్తాను. నమ్మి గోతిలో పడ్డవాళ్ళను చాలామందిని చూశాను గానీ, అనుమానపడి పడ్డవాళ్ళను చూడలేదు.

గడ్డం తర్వాత సూప్. ఆదివారం పూజ అయ్యాక గొడ్డుమాంసం సూప్, అందులో సన్నటి సేమ్యా. మా లోయలో ఏ ఇంట్లోనూ ఇది మారదు. లోతు పళ్ళెంలో పోసుకుని చెంచాతో తాగుతాం. క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం మా ఆయన లోవ్రో పళ్ళెం పక్కకు నెట్టి, టీ మగ్గు తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇందులో పొయ్యి. సగం చాలు."

"ఇదెక్కడి అలవాటయ్యా?"

"ఇందులో అయితే చల్లారదు."

"అయితే ఇన్నేళ్ళూ చల్లారిందే తాగావా?"

"తాగాను" అని, మగ్గు పట్టుకుని కిటికీ దగ్గరికి పోయి నాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

సూప్ మగ్గులో పోసే చోటు నాకు తెలిసి ఒక్కటే ఉంది. ప్లానినా మీద ష్టెఫ్కా గుడిసె. చలికాలం స్కీయింగ్‌కు వచ్చేవాళ్ళకు టీ, సూప్ అమ్ముతుంది, పళ్ళేలు కడిగే బాధ లేకుండా అన్నీ మగ్గుల్లోనే. మా గుడిసెకు పక్క గుడిసె ఆమెది. భర్త పోయి చాలా కాలమైంది. వయసులో నాకంటే కాస్త చిన్న, చూడ్డానికి ఇంకా చిన్న. నవ్విందంటే నాలుగు గుడిసెల అవతలికి వినబడుతుంది.

ఒకసారి కళ్ళు తెరుచుకున్నాక అన్నీ కనబడతాయి. అకార్డియన్ మీటలు బిగుసుకుపోయాయని దాన్ని అటకెక్కించాడు. అతను లేనప్పుడు దింపి నొక్కి చూశాను, అన్నీ హాయిగా మోగాయి. కుడిచెయ్యి ఎప్పుడూ జేబులోనే. చర్చి గుమ్మంలో ఫాదరు గారికి కూడా ఎడమచెయ్యి ఇచ్చాడు. మాకు పెళ్ళి ఉంగరం కుడిచేతికి ఉంటుంది. ఉంగరం ఉన్న చేతిని దాచుకు తిరిగే మొగుణ్ణి ఏమనుకోవాలి?

మా ఇంట్లో పని ఎప్పటినుంచో పంచుకున్నాం. వేసవంతా అతను ఆవులతో ప్లానినా మీద ఉంటాడు, పితుకుతాడు, జున్ను చేస్తాడు. నేను కింద గడ్డి కోయించి ఆరబెడతాను. చలికాలం ఆవులు కింద కొట్టంలో ఉంటాయి, అప్పుడు పితకడం నా వంతు. అతను మధ్యమధ్య పైకి పోయి గుడిసె కప్పు మీది మంచు తీసి వస్తాడు. తీయకపోతే బరువుకు చెక్కపలకలు విరుగుతాయి. ఏ చలికాలమైనా నాలుగైదుసార్లు పోతే గొప్ప. ఈ చలికాలం మంచు పడ్డా పోయాడు, పడకపోయినా పోయాడు.

ఇక తర్నిచ్ సంగతి చెప్పాలి. పిడికెడు జున్నులో ఉప్పు కలిపి, బేరిపండులా చేసి, దాని మీద చెక్క అచ్చు నొక్కి, పొయ్యి మీది అరలో పొగకు ఆరబెడతారు. ఆరితే రాయే. ఎప్పుడూ జతగానే చేస్తారు. ఆ జత చూస్తే ఎవరికైనా ఏం గుర్తొస్తుందో అదే గుర్తొస్తుంది, దాని మీద కుర్రాళ్ళు వేసే జోకులు ఇక్కడ చెప్పను. ఆవులు దిగే రోజున, చేసినవాడు జతలో ఒకటి తన దగ్గర ఉంచుకుని రెండోది మనసైన మనిషికి ఇస్తాడు. ఆమె తీసుకుంటే సరే అన్నట్టు, తిరిగిచ్చేస్తే వద్దన్నట్టు. ఏ ఇంటి అచ్చు ఆ ఇంటిదే, ఒకరిది ఇంకొకరు ముట్టుకోరు. లోవ్రోది వాళ్ళ తాత చెక్కింది: ఒక దేవదారు కొమ్మ, కింద మూడు చుక్కలు.

పెళ్ళికి ముందు ఇచ్చి అందరూ ఊరుకుంటారు. లోవ్రో ఊరుకోలేదు, ఏటా ఇస్తూనే ఉన్నాడు. ఏటా మూడో చుక్క పక్కకు జారి ఉంటుంది. అచ్చు ఎత్తేటప్పుడు తొందర అతనికి. మా పడకగదిలో అర నిండా మూడో చుక్క వంకరపోయిన తర్నిచ్‌లే.

ఈ ఏడు ఇచ్చింది మాత్రం అలా లేదు. ఆవులు దిగిన రోజు ఊరి మధ్య బల్లలు వేసి బీరు, సాసేజీలు, అకార్డియన్లు. ముసలి గ్రెగోర్ వచ్చే ఏడు పైకి రాలేడట, వేళ్ళు ముడుచుకుపోయాయట అని బల్ల దగ్గర ఎవరో అన్నారు. "చేతులాడనివాడికి ప్లానినా మీద ఏం పని? ఆవుల్ని అమ్ముకుని పొయ్యి పక్కన కూర్చోవాలి" అన్నాను నేను. అప్పుడే లోవ్రో నా ఒళ్ళో తర్నిచ్ పెట్టాడు. కొమ్మ గీతలు సూదితో గీసినట్టున్నాయి. మూడు చుక్కలూ వరసలో ఉన్నాయి. నేను దాన్ని పైకెత్తి బల్ల చుట్టూ అందరికీ చూపించాను.

"చూశారా! ఇన్నేళ్ళకు మా ఆయనకు పనొచ్చింది!"

అందరూ నవ్వారు. లోవ్రో నవ్వలేదు. ముందున్న బీరు గ్లాసు ముట్టుకోకుండా ఆవుల మెడగంటలు విప్పడానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నేనది పట్టించుకోలేదు.

జనవరిలో జున్ను తగ్గడం మొదలైంది. నేను పాలు విరగ్గొట్టి, గుడ్డలో వడకట్టి, చల్లటి గదిలో గిన్నెలో పెడతాను. లోవ్రో పైకి పోయినప్పుడల్లా గిన్నె ఖాళీ.

"జున్నేదయ్యా?"

"పిల్లి తినుంటుంది."

"తిన్నాక గిన్నె కూడా కడిగి బోర్లించిందా?"

"శుభ్రమైన పిల్లి మనది" అన్నాడు, మొహంలో ఏ మార్పూ లేకుండా.

నా ఆవులు, నా చేత్తో పితికిన పాలు, నేను వడకట్టిన జున్ను, ఆ మగ్గుల రాణికి!

కొవ్వొత్తుల పండగ రోజు పూజ అయ్యాక ఒజ్బెయ్ కలిశాడు. మా పెత్తల్లి మనవడు, రోప్‌వే దగ్గర తలుపులు తీసి వేసే పని. నోట్లో నువ్వుగింజ నానదు.

"పిన్నీ, ఈ ఏడు బాబాయి తర్నిచ్ జత అదిరింది. నువ్వు ఊరంతా చూపించావు గదా, రెండోది ఇంకా బాగుంది."

"రెండోది నువ్వెక్కడ చూశావురా?"

"ష్టెఫ్కా పిన్ని అరమీద. టీకి పోయినప్పుడు..." అని నా మొహం చూసి ఆగిపోయాడు. "అంటే, అలాంటిదే ఏదో. పొగలో సరిగ్గా కనబళ్ళేదు."

"పొగలో కనబడకపోతే ఇంకా బాగుందని ఎలా తెలిసింది?"

"రోప్‌వే టైమైంది పిన్నీ" అని పరుగో పరుగు.

ఇంటికొచ్చి లోవ్రో పెట్టె తీశాను. తన వంతు తర్నిచ్‌లను అందులో ఉన్నిగుడ్డ చుట్టి దాచుకుంటాడు. పాతవన్నీ ఉన్నాయి. ఈ ఏటిది లేదు.

ఏడ్చానంటే ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని ఆవుల్ని పితికాను. అతన్ని ఏమీ అడగలేదు. అడిగితే ఏదో పిల్లి కథ చెబుతాడు. నాకు కళ్ళతో చూడాలి. చూసి, అది నిజమైతే, అతని బట్టలు మూటగట్టి ఆ గుడిసె గుమ్మంలోనే పడేసి రావాలి. అంతవరకూ ఆలోచించి పెట్టుకున్నాను.

ఫిబ్రవరిలో నా పేరు పండగ, అంటే నాకు పేరిచ్చిన సెయింట్ రోజు, వస్తుంది. సెయింట్ అపోలోనియా పంటినొప్పులు తగ్గించే తల్లి. ఊరంతటిలో పళ్ళు కొరికేది నేనే కాబట్టి ఆ పేరు నాకు కుదిరిందని లోవ్రో ఏటా అంటాడు. ఆ పండగ ముందురోజు పొద్దున అతను మళ్ళీ బూట్లు తొడుక్కుని సంచీ తగిలించుకున్నాడు.

"మంచు తీసొస్తా."

"వారంగా మంచే పడలేదు."

"పాతది ఉంది గదా" అన్నాడు.

అతను వెళ్ళాక చల్లటి గదిలో గిన్నె చూశాను. ఖాళీ. నా తర్నిచ్‌ను రుమాల్లో చుట్టి సంచిలో వేసుకుని నేనూ బయల్దేరాను. రోప్‌వే దగ్గర ఒజ్బెయ్ నన్ను చూసి తలుపు పట్టుకునే నిలబడిపోయాడు.

"పిన్నీ, ఇవాళ పైన గాలి బాగా ఉంది. రేపు పోరాదూ?"

"గాలికి కొట్టుకుపోయేదానిలా ఉన్నానా? తలుపెయ్యి."

రోప్‌వే పెట్టె నిండా స్కీలు, జారుడుబళ్ళు, రంగురంగుల టోపీలు. రాజధాని లుబ్లియానా నుంచి వచ్చిన ఒకామె నా పాత కోటూ చేతిసంచీ చూసి, "మీరూ చూడ్డానికేనా అండీ?" అని మర్యాదగా అడిగింది.

"చూడ్డానికే" అన్నాను.

పైన ఎండ కాస్తోంది, కళ్ళు చెదిరే తెలుపు. గుడిసెలన్నీ చూరుదాకా మంచులో కూరుకుని ఉన్నాయి. మంచు మరియమ్మ గుడి పక్క వాలులో జనం జారుతున్నారు, అరుస్తున్నారు. నేను ఎవరి వంకా చూడకుండా మా గుడిసెకు పోయాను. తలుపుకు తాళం. కప్పు మీద నా నడుమెత్తు మంచు, పార పెట్టిన గుర్తు ఎక్కడా లేదు. నిచ్చెన చూరు కింద ఎప్పుడు పెట్టింది అప్పుడే ఉంది, మెట్ల మీద మంచు గడ్డకట్టి. చలికాలమంతా మంచు తీయడానికి వచ్చిన మనిషి ఒక్క పారెడు తీయలేదు. బూటు గుర్తులు మాత్రం మా గుమ్మం ముందునుంచి ష్టెఫ్కా గుడిసెకు దారిలా పడి ఉన్నాయి, తొక్కి తొక్కి గట్టిపడిపోయి.

ఆ దారినే నడిచాను. గుడిసె బయట బల్లల మీద నలుగురైదుగురు మొహాలు ఎండకు పెట్టి టీ తాగుతున్నారు. లోపల ఎవరూ లేరు. పొయ్యి మీద పెద్ద కుండలో బార్లీ సూప్ ఉడుకుతోంది, పక్కన మగ్గులు బోర్లించి ఉన్నాయి. పొయ్యి మీది అరలో ఒకే ఒక్క తర్నిచ్.

చెయ్యి చాపి తీశాను. రుమాలు విప్పి నాది పక్కన పెట్టాను. దేవదారు కొమ్మ, మూడు చుక్కలు. రెండింటిలోనూ చుక్కలు ఒకే వరసలో ఉన్నాయి, పొగ పట్టిన రంగు కూడా ఒకటే. అవి జత అని చెప్పడానికి నాకు ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను.

అప్పుడు వెనక పాలగదిలోంచి మాటలు వినబడ్డాయి.

"తొందరెందుకూ? మెల్లిగా." ఇది ష్టెఫ్కా.

"రేపటికి ఎలాగైనా కావాలి." ఇది మా ఆయన.

"పోలోనాకు చెప్పెయ్యరాదూ? ఎన్నాళ్ళీ దొంగతనం?"

"చెప్పానంటే ఇక నేనీ కొండ ఎక్కినట్టే! నీకు తెలీదు దాని సంగతి."

"తెలియకేం, ఊరందరికీ తెలుసు" అని ఆవిడ నవ్వింది.

ఆ నవ్వు చాలు నాకు. లేచి పాలగది తలుపు ఒక్క తోపు తోశాను. అది గోడకు కొట్టుకుంది.

లోవ్రో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. వెనక ఆవిడ వంగి నిలబడి ఉంది, గడ్డం అతని భుజానికి తగిలేంత దగ్గరగా. ఆవిడ చెయ్యి అతని కుడిచేతి మీద. గట్టిగా పట్టుకుని ఉంది.

"బాగుందయ్యా, బాగుంది!" అన్నాను. "నా పేరు పండగకు బ్రహ్మాండమైన కానుక! మంచు తీస్తున్నావా? ఇదేనా మంచు? అందుకేనా గడ్డం, అందుకేనా మగ్గులో సూప్? ఉంగరం జేబులో దాచి, నా జున్ను మోసుకొచ్చి దీనికి తినిపిస్తున్నావా? నీ తర్నిచ్ దీని అరమీద ఏం చేస్తోంది? చెప్పు!"

బయట టీ తాగేవాళ్ళ మాటలు ఆగిపోయాయి. లోవ్రో మొహం పాలిపోయింది. "వదులు ష్టెఫ్కా" అన్నాడు నెమ్మదిగా.

ఆవిడ చెయ్యి తీసేసింది.

అతని కుడిచెయ్యి బల్ల మీద ఒంటరిగా మిగిలింది. అది కదులుతోంది. అతను కదపడం లేదు, దానంతటదే కదులుతోంది. పిడికిట్లో తాత చెక్కిన అచ్చు ఉంది, అది బల్లకు తగిలి టకటకా చప్పుడు చేస్తోంది. అతను ఎడమచేత్తో దాన్ని నొక్కిపట్టాడు. చప్పుడు తగ్గింది గానీ ఆగలేదు.

బల్ల మీద వరసగా జున్ను ముద్దలు ఉన్నాయి. అన్నీ నా జున్నే, నాకు తెలియదా. ఒక్కోదాని మీద అచ్చు పడింది, పడిందంటే పడింది. కొమ్మ రెండు కొమ్మలై, మూడై, చుక్కలు గీతలై అలుక్కుపోయి ఉన్నాయి. కొన్నింటిని మళ్ళీ పిసికి మళ్ళీ నొక్కినట్టుంది.

ఒక ముద్దను ఎత్తి వెలుతురుకు పట్టి చూశాను.

"ఎప్పట్నుంచి?" అన్నాను చివరికి.

"పోయిన వేసవి మధ్యలో" అంది ష్టెఫ్కా. అతను చెప్పడని ఆవిడకు తెలుసు. "ముందు వేలొక్కటే. తర్వాత పితకడం కుదర్లేదు. మీ ఆవు లిస్కా రెండుసార్లు తన్నింది కూడాను. అప్పట్నుంచి మీ ఆవుల్ని నేనే పితికాను. డాక్టరు దగ్గరికి పోదామని మొత్తుకుంటున్నా, వినడు."

"పోతే దానికో పేరు పెడతాడు" అన్నాడు లోవ్రో. "పేరు పెడితే ఇక అది మనింట్లో మనిషవుతుంది."

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

అతను నావైపు చూడలేదు. అచ్చు వైపు చూస్తూ, "చేతులాడనివాడికి ప్లానినా మీద ఏం పని" అన్నాడు. "ఆవుల్ని అమ్ముకుని పొయ్యి పక్కన కూర్చోవాలి."

నా మాటలు నాకే తిరిగొచ్చాయి. గ్రెగోర్‌ను అన్నాననుకున్నాను. విన్నది వేరే మనిషి.

గడ్డం ఎందుకో అప్పుడు అర్థమైంది. మగ్గు ఎందుకో, అకార్డియన్ ఎందుకో, జేబు ఎందుకో. నేను చూసినవన్నీ నిజంగానే చూశాను, ఒక్కటీ తప్పు చూడలేదు. అయినా ఒక సంగతి తేలలేదు. తేలనిదాన్ని వదిలే రకాన్ని కాదు నేను.

"సరే. మరి జత ఒకటి నీ దగ్గరెందుకుంది?" అని ష్టెఫ్కాను అడిగాను. "నా మొగుడి అచ్చున్న తర్నిచ్ నీకెందుకిచ్చాడు?"

ఆవిడ నన్ను వింతగా చూసింది.

"నాకెవరూ ఇవ్వలేదు పోలోనా. చేసినవాళ్ళు ఒకటి ఉంచుకోవాలి గదా. నేనే చేశాను."

"అతని అచ్చుతోనా?"

"అతని అచ్చుతోనే, అతను కూర్చుని చూస్తుంటే. ఒకరి అచ్చు ఒకరు ముట్టుకోకూడదని నాకు మాత్రం తెలీదా? కానీ నీకు ఈ ఏటిది ఇవ్వకుండా కొండ దిగనని ఇక్కడే కూర్చున్నాడు, చూస్తే ఆవులు దిగే రోజు దగ్గరపడుతోంది, అది ఆరడానికి టైము కావాలి. నేనేం చెయ్యను? చేసిచ్చాను. రెండోది నువ్వుంచుకో అన్నాను. నేను చెయ్యనిది నేను దాచుకోను అన్నాడు. అంచేత అది నా అరమీద ఉంది."

అంటే పేరు పండగదాకా చలికాలమంతా నా తలాపున పెట్టుకుని పడుకున్నది ష్టెఫ్కా ఇచ్చిన తర్నిచ్. ఊరందరి ముందూ పైకెత్తి మెచ్చుకున్నదీ అదే. మా ఆయన చేతిపనిని ఇన్నేళ్ళలో నేను పొగిడింది ఆ ఒక్కసారే, ఆ ఒక్కసారీ అది అతనిది కాదు. బీరు ముట్టుకోకుండా లేచిపోయిన అతని వీపు నా కళ్ళ ముందు కదిలింది.

రుమాల్లోని తర్నిచ్ తీసి ష్టెఫ్కా ముందు పెట్టాను. "ఇది నీది. జత నీ దగ్గరే ఉండనీ."

"అయ్యో, తిరిగిచ్చేస్తున్నావా?" అంది ఆవిడ, నడుం మీద చేతులు పెట్టుకుని. "అంటే నన్ను కాదంటున్నావన్నమాట! ఇంత దూరం వచ్చి నా మొహాన కొట్టాలా?"

లోవ్రో గడ్డంలో ఏదో కదిలింది. నవ్వే. నాకూ ఆగలేదు.

"కాదనను లేవే" అని దాన్ని మళ్ళీ సంచిలో వేసుకున్నాను. "వేసవంతా నా ఆవుల్ని పితికినదాన్ని కాదంటే కళ్ళు పోతాయి. కానీ నా మొగుడి భుజం మీద గడ్డం పెట్టావు, అది మాత్రం నేను మర్చిపోను."

"మర్చిపోతే నువ్వు పోలోనావెలా అవుతావు" అని ఆవిడ సూప్ కలపడానికి వెళ్ళిపోయింది.

మేమిద్దరం మిగిలాం. ఉన్న జున్నులో ఇంకా రెండు పిడికిళ్ళు ఉంది. నేను రెండు ముద్దలు చేసి అతని ముందు పెట్టాను.

"నొక్కు."

"కుదరదే."

"రేపు నా పేరు పండగ."

అతను అచ్చు ఎత్తాడు. చెయ్యి ఊగింది. నాకు తెలియకుండానే నా చెయ్యి పోయి అతని మణికట్టు పట్టుకుంది. ఆ వణుకు నా మోచేతిదాకా పాకింది. నేను గట్టిగా పట్టుకుంటే చుక్కలు వరసలో పడతాయి, ఆ సంగతి తెలుస్తూనే ఉంది. అప్పుడది నేను చేసింది అవుతుంది. వదిలేశాను.

అతను నావైపు ఒకసారి చూసి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. తర్వాత రెండోదాని మీద నొక్కాడు. కొమ్మ రెండు చోట్ల పడింది. చుక్కలు ఎన్నో లెక్కపెట్టే వీలే లేదు.

"బాగాలేదు" అన్నాడు.

"బాగాలేదు" అన్నాను. "ఇది నాది. అది నీది, నీ పెట్టెలో పెట్టుకో. ముందు ఆరబెట్టాలి."

"ష్టెఫ్కా అరమీద పెడదాం."

"ఇంకానా? మనకు పొయ్యి లేదూ?"

మా గుడిసె తాళం తీసి పొయ్యి రాజేశాను. రెండు తర్నిచ్‌లనూ పొగ తగిలే చోట పక్కపక్కన పెట్టాను. పైన చెక్కలు బరువుకు మూలుగుతున్నాయి. ఆ కప్పు ఇంకో మంచుకు ఆగదు.

"వచ్చే వేసవి పైకి నేనూ వస్తాను" అన్నాను. "పితకడం నాది. గడ్డి సంగతి మా తమ్ముడు చూసుకుంటాడు. డాక్టరు దగ్గరికి సోమవారం పోతున్నాం. పేరు పెడితే పెట్టనీ, మనింట్లో ఇప్పటికే శుభ్రమైన పిల్లొకటి ఉంది."

"ఆవులు?"

"అమ్మేది లేదు."

అతను పార తీసుకుని బయటికి పోయి నిచ్చెన మీది గడ్డకట్టిన మంచును బూటుతో కొట్టి రాల్చి, చూరుకు ఆనించాడు. పైకెక్కడానికి తనే కాలు పెట్టబోయాడు. నేను పార లాక్కున్నాను.

"నువ్వెక్కలేవు" అన్నాడు.

"నువ్వు పట్టుకో."

కుడిచెయ్యి జేబులోంచి తీసి, రెండు చేతులతోనూ నిచ్చెన పట్టుకున్నాడు. నేను మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. నిచ్చెన వణికింది. జీవితంలో గుడ్డును కూడా వెలుతురుకు పట్టకుండా కొనని మనిషిని, కిందికి చూశాను. అతని ఉంగరం ఎండలో కర్రకు తగిలి సన్నగా చప్పుడు చేస్తోంది.

"వదలకు" అన్నాను.

"వదలనే" అన్నాడు.

నిచ్చెన వణుకుతూనే ఉంది. నేను పైకెక్కాను.